చేలోంచి ఆయిల్ పైపులైన్ వస్తోంది: నెబ్రాస్కా రైతులు ఆపారట, మేం ఆపగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారికి ఉన్నది రెండున్నర ఎకరాలు, అందులో కొంత కొబ్బరి, కొంత వరి. పోయిన నెల ఎవరో వచ్చి చేను మధ్యలోంచి ఏటవాలుగా ఎర్ర జెండాలు పాతి వెళ్ళారు. ఆయిల్ పైపులైన్ అన్నారు. ఇప్పుడు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటున్నారు. అమెరికాలో ఉంటున్న మీ బావగారేమో "నెబ్రాస్కా రైతులు కీస్టోన్ పైపులైన్‌నే ఆపేశారు, మీరెందుకు ఆపలేరు" అన్నారు. ఆపగలమా, ఆపలేకపోతే ఏం చెయ్యాలి, సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు.

నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నప్పుడు కొన్నేళ్ళు డిప్యుటేషన్ మీద పైపులైన్ భూముల పని చేశాను. అలాంటి కాగితాలు పట్టుకుని ఊళ్ళకు వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. రిటైరయ్యాక రైతుల తరఫున అభ్యంతరాలు రాసిపెడుతున్నాను. రెండువైపులా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను: రైతు నష్టపోయేదంతా మొదటి ఒకటి రెండు నెలల్లోనే. కాగితం ఏ దశలో ఉందో తెలియక, ఒంటరిగా సంతకం పెట్టి నష్టపోతాడు. కాబట్టి ఇవాళ సంతకం పెట్టకండి. ఎందుకో వివరంగా చెబుతాను, కొంచెం ఓపికగా చదవండి.

ముందు నెబ్రాస్కా సంగతి. మీ బావగారు చెప్పింది నిజమే గానీ అందులో సగం కథే ఉంది. కీస్టోన్ ఎక్స్‌ఎల్ అనేది కెనడాలోని హార్డిస్టీ నుంచి అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని స్టీల్ సిటీ దాకా దాదాపు 1,900 కిలోమీటర్లు వెయ్యాలనుకున్న ముడిచమురు లైన్. 36 అంగుళాల గొట్టం, రోజుకు 8,30,000 బ్యారెళ్ళు. 2008లో ప్రతిపాదించారు. మొదట గీసిన గీత శాండ్‌హిల్స్ అనే ఇసుక నేలల మీదుగా వెళ్ళింది. ఆ నేల కింద ఒగల్లాలా అనే పెద్ద భూగర్భ జలనిధి ఉంది. కొన్నిచోట్ల నీరు దాదాపు నేల మట్టానికే ఉంటుంది. మన కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు ఊరే చేలు చూసినవాళ్ళకి వాళ్ళ భయం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి చోట గొట్టం కారితే ముందు పాడయ్యేది తాగే నీళ్ళే.

ఆ రైతుల్లో ఎక్కువమంది పశువులు పెంచేవాళ్ళు, మొక్కజొన్న వేసేవాళ్ళు. ఉద్యమాలు, ధర్నాలు తెలిసిన మనుషులు కారు. కార్లలో, ట్రాక్టర్లలో వాళ్ళూ చమురే పోసుకుంటారు. వాళ్ళకు కోపం తెప్పించింది ఏమిటంటే, ఒకసారి డబ్బిచ్చి హక్కు శాశ్వతంగా రాయించుకుంటామనడం. ఒప్పుకోకపోతే బలవంతపు భూసేకరణ చట్టం కింద తీసుకుంటామని ఒక ప్రైవేటు కంపెనీ, అదీ పరాయి దేశపు కంపెనీ, ఉత్తరాలు పంపడం. దారి పొడవునా చాలామంది సంతకాలు పెట్టేశారు. చివరికి మిగిలినవాళ్ళు దాదాపు 90 మంది. 2015 జనవరిలో కంపెనీ వాళ్ళ భూముల కోసం కోర్టుకెక్కింది.

ఆ మిగిలినవాళ్ళు చేసిన పని మనం నేర్చుకోవలసింది. ఎవరికి వారు గుమ్మం దగ్గర బేరం పెట్టుకోలేదు. కలిసి ఒకే లాయర్లను పెట్టుకున్నారు. కంపెనీ మనిషి ఎవరింటికి వచ్చినా "మా లాయరుతో మాట్లాడండి" అనే ఒక్క మాటే చెప్పారు. 2011లోనే వాళ్ళ గోల తట్టుకోలేక రాష్ట్ర చట్టసభ ప్రత్యేకంగా సమావేశమై, లైన్‌ని శాండ్‌హిల్స్ నుంచి పక్కకు జరిపించింది. తర్వాత 2012లో రూటు ఖరారు చేసే అధికారం గవర్నరుకు ఇస్తూ చట్టం తెస్తే, ముగ్గురు భూయజమానులు దాని మీద కేసు వేశారు. 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలలో నలుగురు ఆ చట్టం చెల్లదన్నారు. కానీ అక్కడ చట్టాన్ని కొట్టెయ్యాలంటే అయిదుగురు కావాలి. ఒక్క ఓటు తక్కువై ఓడిపోయారు.

అయినా వదల్లేదు. లైన్ దారిలో ఒక కొట్టాం కట్టి పైన సోలార్ పలకలు పెట్టారు. నీలీ అనే ఊరి దగ్గర ఒక రైతు కుటుంబం, 1877లో అదే నేల మీంచి సైన్యం తరిమేసిన పోంకా తెగవాళ్ళను పిలిచి, వాళ్ళు పవిత్రంగా భావించే ఎర్ర మొక్కజొన్నను 2014లో తమ చేలో విత్తించింది. 2018లో ఆ చేలో ఒకటిన్నర ఎకరం పైచిలుకు ముక్కను ఆ తెగకే రాసిచ్చింది. అది చదివినప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది. ఎవరి పూర్వీకులు ఎవరి భూమిలో ఉన్నారో ఎరిగి ఉండి కూడా, ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడ్డారు.

తర్వాత ఏమైంది? 2015 నవంబరులో ఒబామా అనుమతి నిరాకరించారు. 2017లో ట్రంప్ మళ్ళీ తెరిచారు. అదే ఏడాది నవంబరులో, లైన్ దారిని ఖరారు చేసే నెబ్రాస్కా రాష్ట్ర కమిషన్ 3–2 ఓట్లతో ఒప్పుకుంది గానీ, కంపెనీ అడిగిన దారికి బదులు వేరే దారికి ఒప్పుకుంది. అంటే కొత్త భూములు, కొత్త యజమానులు, మళ్ళీ మొదటి నుంచి పని. 2021 జనవరి 20న బైడెన్ అనుమతి రద్దు చేశారు. జూన్ 9న కంపెనీ ప్రాజెక్టు వదులుకుంది.

ఇక్కడే మీ బావగారికి చెప్పవలసిన మిగతా సగం ఉంది. నెబ్రాస్కా సుప్రీంకోర్టులో రైతులు 2015లో ఓడారు, 2019లోనూ ఓడారు. ఆ లైన్ దేశ సరిహద్దు దాటాలి కాబట్టి దానికి అధ్యక్షుడి అనుమతి కావలసి వచ్చింది, ఆ అనుమతి రద్దు కావడంతో లైన్ ఆగింది. రైతులు దాన్ని పదేళ్ళకు పైగా అడ్డుకుని ఉండకపోతే రద్దు చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు, అదీ నిజమే. పక్కనే డకోటా యాక్సెస్ లైన్ చూడండి. 2016లో స్టాండింగ్ రాక్ అనే ఆదివాసీ ప్రాంతం దగ్గర ఆ లైన్ వద్దని వేల మంది చలిలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు, ప్రపంచమంతా చూసింది. అది సరిహద్దు దాటని లైన్. 2017 జూన్ నుంచి అందులో చమురు పారుతోంది. ఎంతమంది కూర్చున్నారన్న దానికన్నా, చట్టంలో ఏ గడప దగ్గర కూర్చున్నారన్నది ముఖ్యమని నేను అందుకే అంటాను.

ఇక మన గడపల సంగతి.

మన దగ్గర పైపులైన్లన్నీ 1962 నాటి పెట్రోలియం, మినరల్స్ పైపులైన్ల చట్టం కింద వస్తాయి. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వెళ్ళే పెట్రోలు, డీజిల్ లైన్, పారాదీప్ నుంచి హైదరాబాద్ వచ్చే లైన్, కాకినాడ నుంచి గుజరాత్ దాకా పోయిన గ్యాస్ లైన్, అన్నీ మన పొలాల కిందుగానే వెళ్ళాయి. ఈ చట్టం భూమిని తీసుకోదు, భూమిలో "వినియోగ హక్కు" తీసుకుంటుంది. ఆఫీసుల్లో దీన్నే ఆర్‌ఓయూ అంటారు. పాస్ పుస్తకం మీ నాన్నగారి పేరు మీదే ఉంటుంది, అడంగల్‌లో పేరు మారదు, అమ్ముకునే హక్కు కూడా ఉంటుంది. కానీ ఆ పట్టీలో ఇల్లు గానీ ఇంకే కట్టడం గానీ కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి, మినుము, పెసర, కూరగాయలు వేసుకోవచ్చు. మీ కొబ్బరి మాత్రం ఆ పట్టీలో కొట్టేశాక మళ్ళీ అక్కడ మొక్క పెట్టే వీలు లేదు. పట్టీ వెడల్పు లైన్‌ని బట్టి ఉంటుంది, 20 మీటర్లన్నది మామూలుగా వినే లెక్క.

"మా సమ్మతి లేకుండా ఎలా?" అని చాలామంది అడుగుతారు. 2013 భూసేకరణ చట్టంలో 70 శాతం, 80 శాతం సమ్మతి అనే మాట విని ఉంటారు. ఆ చట్టం నాలుగో షెడ్యూల్లో కొన్ని చట్టాలను విడిగా పెట్టారు, అందులో ఈ 1962 చట్టం ఒకటి. కాబట్టి ఆ సమ్మతి నిబంధన ఇక్కడ రాదు. ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ ఎందుకు పెట్టలేదని కూడా అడుగుతారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాస్ లైన్లకు పర్యావరణ అనుమతి అవసరమయ్యేది అవి జాతీయ పార్కులు, అభయారణ్యాలు, సున్నిత ప్రాంతాల గుండా వెళ్ళినప్పుడే. మామూలు పొలాల గుండా వెళ్తే అక్కర్లేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. మూడు పంటలు పండే డెల్టా భూమి అడవి కంటే తక్కువ సున్నితమైనదని ఎవరు తేల్చారు? కానీ చట్టం ఇవాళ అలాగే ఉంది, దాన్ని చూసుకునే మనం అడుగు వెయ్యాలి.

ఎమ్మెల్యే దగ్గరకు, ముఖ్యమంత్రి దగ్గరకు వెళ్తే ఆగుతుందా? దీనికి తమిళనాడు సమాధానం చెప్పింది. కొచ్చి నుంచి బెంగళూరు వెళ్ళే గ్యాస్ లైన్ అక్కడ కోయంబత్తూరు, తిరుప్పూర్, ఈరోడ్, నామక్కల్, సేలం, ధర్మపురి, కృష్ణగిరి, ఈ ఏడు జిల్లాల పొలాల మీదుగా గీశారు. అక్కడివి చిన్న కమతాలు, కొబ్బరి, బావుల మీద బతికే సేద్యం. రైతులు అడిగింది న్యాయమైన కోరిక: లైన్ వేసుకోండి, జాతీయ రహదారి పక్కన వేసుకోండి. 2013లో జయలలిత ప్రభుత్వం రైతుల పక్షాన నిలబడి, పొలాల్లో వద్దు, రోడ్డు పక్కన వెయ్యండని ఆదేశం ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రాష్ట్ర ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. ఈ చట్టం కింద అధికారం కేంద్రానిది, రాష్ట్రం ఆపలేదు. ఒక ముఖ్యమంత్రి నిలబడినా అంతే జరిగింది. కాబట్టి నాయకుల హామీలు వింటూ గడువు దాటబెట్టుకోకండి. వాళ్ళ దగ్గరకు వెళ్ళొద్దని కాదు, పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ రోడ్ల పక్కన స్థలం ఇప్పించడానికి రాష్ట్రం సాయం పనికొస్తుంది. అది అడగండి.

అయితే ఆపగలమా అంటే, పూర్తిగా ఆపడం దాదాపు అసాధ్యం. జరపడం మాత్రం సాధ్యం, నా చేతుల మీదుగానే జరిగింది. ఒక ఊళ్ళో లైన్ నలభై పైచిలుకు రైతుల చేల మధ్యలోంచి ఏటవాలుగా గీసి ఉంది. ఆ ఊరివాళ్ళు ఒక మూకుమ్మడి అర్జీ మీద వేలిముద్రలు వేసి ఊరుకోలేదు. ప్రతి రైతూ తన సర్వే నంబరుతో, తన చేలో ఏముందో రాసి, విడివిడిగా అభ్యంతరం ఇచ్చాడు. అందరి అభ్యంతరంలోనూ చివర ఒకే మాట: పక్కనే ఉన్న పుంత దారి వెంట వెయ్యండి. పుంత సర్వే నంబరు, వెడల్పు, నక్షా జతపరిచారు. అన్ని కాగితాలకు విడివిడిగా జవాబు రాయాలి, విడివిడిగా విచారణ జరపాలి. చివరికి ఇంజనీర్లు మళ్ళీ వచ్చి కొలిచి, ఆ ఊరి పొలిమేరలో రెండు కిలోమీటర్ల దాకా లైన్‌ని పుంత అంచుకు జరిపారు. పక్క ఊళ్ళో మాత్రం యువకులు జెండాలు పీకేశారు. మర్నాడు కేసులు పెట్టారు, పెద్దలు స్టేషను చుట్టూ తిరగడంలో అభ్యంతరం ఇవ్వడానికి ఉన్న 21 రోజులు గడిచిపోయాయి. అక్కడ లైన్ గీసినచోటే పడింది. ఆ పిల్లల్లో ఒకడు పోలీసు ఉద్యోగానికి చదువుతున్నవాడు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. జెండాలు పీకకండి, మిషను ముందు పడుకోకండి. ఉద్దేశపూర్వకంగా అడ్డుకుంటే జైలుశిక్ష ఈ చట్టంలోనే ఉంది.

ఇప్పుడు ఆ 21 రోజుల సంగతి, ఇది జాగ్రత్తగా చదవండి. ఈ చట్టం మూడో సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం మొదట గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి, అందులో మీ గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం ఉండాలి. మీ పొలంలో దిగి సర్వే చేసే అధికారం ఆ నోటిఫికేషన్ వచ్చాకే పుడుతుంది. అంతకుముందు వచ్చి జెండాలు పాతారంటే అది మీ మౌనాన్ని నమ్ముకుని చేసిన పనే. కాబట్టి మీ మొదటి ప్రశ్న "నోటిఫికేషన్ వచ్చిందా, ఏ తేదీ?" అని ఉండాలి. మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. గెజిట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి 21 రోజుల్లోపు అభ్యంతరం ఇవ్వాలని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ఆ తేదీ దాటితే మీ మాట వినవలసిన బాధ్యత ఎవరికీ ఉండదు.

అభ్యంతరం ఇవ్వవలసింది ఈ చట్టం కింద కేంద్రం నియమించే కాంపిటెంట్ అథారిటీ అనే అధికారికి. ఆయన మిమ్మల్ని స్వయంగా గానీ, మీ లాయరు ద్వారా గానీ వినాలి. "నన్ను స్వయంగా వినాలని కోరుతున్నాను" అని అభ్యంతరంలోనే రాయండి. రాయకపోతే కొన్నిచోట్ల పిలవరు. ఆయన ఇచ్చిన నిర్ణయం మీద ఈ చట్టంలో అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. 2016లో ఈ చట్టం చెల్లుతుందని చెబుతూనే సుప్రీంకోర్టు ఒక మంచి మాట అంది: ఆ స్థానంలో కూర్చునే వ్యక్తి సబార్డినేట్ జడ్జి స్థాయికి తగ్గని న్యాయాధికారి గానీ, చట్టంలో తర్ఫీదు ఉన్నవాడు గానీ అయి ఉండాలని. మీ దగ్గర ఆ పదవిలో ఎవరున్నారో, వారి అర్హత ఏమిటో సమాచార హక్కు కింద అడగండి.

ఏం రాస్తే పనిచేస్తుంది? "మేం పేదవాళ్ళం, ఇదే మాకు ఆధారం" అని రాస్తే నిజమే అయినా ఆ కాగితం పక్కన పెడతారు, ఎన్నో పక్కన పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. చట్టం ఏడో సెక్షన్‌లో లైన్ వెయ్యకూడని చోట్లు చెప్పింది: నోటిఫికేషన్ నాటికి నివాసానికి వాడుతున్న భూమి, శాశ్వత కట్టడం ఉన్న భూమి, ఇంటిని ఆనుకుని ఇంటికి చెందిన స్థలం. లైన్ నేల మట్టం నుంచి కనీసం ఒక మీటరు లోతున ఉండాలి. చేలో మీ ఇల్లు గానీ, మకాం షెడ్డు గానీ, మోటారు గది గానీ ఉంటే తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు జత చెయ్యండి. బోరు, నీటి గొట్టాలు, బోదెలు, మురుగు కాలవ, చేలు ఏ వాలున ఉన్నాయి, ఇవన్నీ నక్షా మీద గీయండి. సచివాలయం సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబి (చేను కొలతల పటం) నకలు తీసుకుని, దాని మీద లైన్ ఏటవాలుగా ఎలా కోస్తోందో ఒక రంగులో, గట్టు వెంట ఎలా వెళ్ళొచ్చో మరో రంగులో గీసి ఇవ్వండి. రెండున్నర ఎకరాల చేను మధ్యలోంచి ఏటవాలుగా పోతే రెండు త్రికోణాలు మిగులుతాయి, రెంటిలోనూ ఇల్లు కట్టడానికీ, తోట పెట్టడానికీ పనికిరాని మూలలు పడతాయి. గట్టు వెంట పోతే నష్టం సగానికి తగ్గుతుంది. ఇంజనీరుకి అదనంగా ఒకటి రెండు వంపులు పడతాయి, అంతే. ఇది ప్రతి ఒక్కరూ అడగవలసిన కోరిక.

ఇంకో సంగతి. చాలా నోటిఫికేషన్లలో తప్పులుంటాయి: చనిపోయిన తాతగారి పేరు, పాత సబ్ డివిజన్, తప్పు విస్తీర్ణం. మీ పేరు లేదని ఊరుకోకండి, తప్పును అభ్యంతరంలో ఎత్తి చూపండి, వారసత్వం కాగితం పెట్టండి. లేకపోతే రేపు పరిహారం చెక్కు ఎవరి పేరున వస్తుందో చెప్పలేం. ప్రతి కాగితానికీ ముద్ర, తేదీతో రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

నోటిఫికేషన్ వచ్చిన ఏడాదిలోపు, హక్కు తీసుకుంటున్నట్టు ఆరో సెక్షన్ కింద ప్రకటన రాకపోతే మొదటి నోటిఫికేషన్ దానంతట అదే చెల్లకుండా పోతుంది. మళ్ళీ మొదటి నుంచి రావాలి. ఇది గుర్తుపెట్టుకోండి, క్యాలెండరు మీద రాసి పెట్టండి. నెబ్రాస్కా వాళ్ళు కాలాన్ని ఎలా వాడుకున్నారో, మన చట్టంలో అలాంటి చిన్న వీలు ఇదే.

ఇక ఆ సంతకం కాగితం. నాకు పంపలేదు కాబట్టి అందులో ఏముందో తెలియదు. నేను చూసిన వాటిలో ఎక్కువ "లైన్ వెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు, ఇచ్చిన పరిహారం పూర్తిగా అందింది" అన్న రెండు వాక్యాలు కలిపి ఉన్నవే. మొదటి వాక్యం మీ 21 రోజుల హక్కును తినేస్తుంది, రెండోది పరిహారం చాలదని జిల్లా జడ్జి దగ్గరకు వెళ్ళే హక్కును. అలాంటి వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. ఇవ్వవలసిందే అనిపిస్తే "అభ్యంతరం పెట్టే హక్కు, పరిహారం పెంచమని అడిగే హక్కు నాకే ఉంచుకుని" అని చేత్తో రాసి దాని కింద పెట్టండి.

పరిహారం లెక్క ఇలా ఉంటుంది. హక్కు తీసుకున్నందుకు, నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. పంట, చెట్లు, ఇతర నష్టం వేరుగా. మీ చేలో లైన్ 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు తీసుకుంది అనుకుందాం. అది 2,000 చదరపు మీటర్లు, దాదాపు 49 సెంట్లు. ఎకరం 20 లక్షలు అనుకుంటే ఆ ముక్క విలువ 9 లక్షల 80 వేలు, అందులో పదో వంతు 98 వేలు. అదే అధికారి రిజిస్ట్రేషన్ విలువ ఎకరం 8 లక్షలు అని తీసుకుంటే 39 వేలే వస్తాయి. తేడా ఎక్కడుందో చూశారా? మార్కెట్ విలువ ఎంత అనే దాంట్లోనే ఉంది మీ డబ్బంతా. అందుకే చుట్టుపక్కల ఇటీవల జరిగిన అమ్మకాల దస్తావేజుల నకళ్ళు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీసుకుని ముందే పెట్టండి. అధికారి ఖరారు చేసింది నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గర పిటిషన్ వెయ్యొచ్చు. ఊళ్ళో పదిమంది కలిసి ఒకే లాయరును పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, దస్తావేజులు అందరికీ ఒకటే. 49 సెంట్ల మీద జీవితాంతం చెట్టు పెట్టకుండా, ఇల్లు కట్టకుండా ఆంక్ష పెట్టి పదో వంతు ఇవ్వడం ఏ లెక్కనా సబబు కాదు. చట్టం మారాలి. అది మారేదాకా విలువ దగ్గర పోరాడటమే మనకున్న దారి.

కొబ్బరి దగ్గర మరీ జాగ్రత్త. చెట్లు లెక్కపెట్టి ప్రతి చెట్టుకూ రంగుతో నంబరు వేసి, ఫోటో తీసి, ఏటా ఎన్ని కాయలు దింపుతారో, ఎవరికి అమ్ముతున్నారో కొట్టు రసీదులతో రాసుకోండి. కాసే చెట్టుకీ, లేత మొక్కకీ ఒకే రేటు కట్టి పంచనామా (చేలోనే రాసే నష్టం లెక్క) రాసేస్తుంటారు. పంచనామా మీ సమక్షంలో, ఇద్దరు ఊరి సాక్షులతో, అంకెలన్నీ నింపాకే సంతకం పెట్టండి. ఖాళీ గళ్ళున్న పంచనామా మీద సంతకం పెట్టిన రైతుకు తర్వాత చెట్లు సగమే ఉన్నాయని వచ్చిన కేసు నేను చూశాను. చేను కౌలుకిచ్చి ఉంటే పంట నష్టం కౌలుదారుది. ఆయనకు పంట సాగుదారు హక్కు పత్రం ఇప్పించండి, పంచనామాలో ఆయన పేరు రాయించండి. మీ నాన్నగారు దీనికి అడ్డుపడకూడదని నా విన్నపం.

తవ్వకం మొదలయ్యాక చేనుగట్టు మీద ఒక మనిషి ఉండాలి. పైమట్టి ఒక వైపు, అడుగు మట్టి మరో వైపు వెయ్యించండి. పూడ్చేటప్పుడు అడుగు మట్టి అడుక్కి, పైమట్టి పైకి రావాలి. ఇది తలకిందులైతే ఆ పట్టీలో మూడు నాలుగేళ్ళు పైరు పాలిపోయి కనిపిస్తుంది. బోదెలు, గట్లు, మురుగు వాలు ముందులాగే కట్టించి, అప్పుడే పని పూర్తయిందని సంతకం పెట్టండి. తర్వాత ఎప్పుడు రిపేరుకని మళ్ళీ తవ్వినా ఆ పంటకు మళ్ళీ పరిహారం ఇవ్వాలి. ఇది చాలామందికి తెలియదు.

లైన్ పడ్డాక కూడా మన బాధ్యత తీరదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్ళో తాటిపాక నుంచి వెళ్ళే 18 అంగుళాల గ్యాస్ లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి, ఇళ్ళల్లో నిద్రలో ఉన్నవాళ్ళు బయటకు రాలేకపోయారు. తేమ ఉన్న గ్యాస్ వెళ్ళడం వల్ల గొట్టం లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు ఆనాడు అన్నారు. చమురు లైన్ అలా ఒక్కసారిగా పేలకపోవచ్చు, కానీ నెమ్మదిగా కారితే బావి నీళ్ళలో కలిసేదాకా తెలియదు. ఇప్పటికే ఉన్న పాత కీస్టోన్ లైన్ 2022 డిసెంబరులో కాన్సాస్‌లో చిట్లి దాదాపు 13,000 బ్యారెళ్ళు ఒక వాగులో కలిసింది. కాబట్టి లైన్ గుర్తుగా పాతిన ప్రతి స్తంభం మీద ఉన్న ఫోన్ నంబరు ఊరందరి ఫోన్లలో ఉండాలి. వాసన వచ్చినా, నీళ్ళ మీద రంగుల తెట్టు కనిపించినా, ఆ పట్టీలో పైరు కారణం లేకుండా ఎండినా ఫోన్ చేసి, అదే రోజు కలెక్టరు కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు పెట్టుకోండి. లైన్ వెయ్యకముందే, అభ్యంతరంలోనే, మీ బావి నీటిని పరీక్ష చేయించి ఆ రిపోర్టు జత చెయ్యండి. రేపు నీళ్ళు చెడితే, ముందు బాగున్నాయని చెప్పడానికి మీ చేతిలో ఆ కాగితం ఉంటుంది.

ఈ వారం చెయ్యవలసిన పని ఇంతే: నాన్నగారిని సంతకం ఆపమనండి. జెండాలను కదపకుండా చేను నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయించండి. సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబి, భూమి రికార్డులైన 1బి, అడంగల్ నకళ్ళు తీసుకోండి. లైన్ గీత ఎవరెవరి చేల మీదుగా వెళ్తోందో రెండు వైపులా కనీసం పది చేల దాకా నడిచి చూసి, ఆ రైతులను ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చోబెట్టండి. నోటిఫికేషన్ తేదీ తెలిసిన రోజునే ఇక్కడ రాయండి. మీ సర్వే నంబర్లు, చేలో ఉన్నవి రాస్తే అభ్యంతర పత్రం నేను రాసిపెడతాను, ఊళ్ళో మిగతావాళ్ళు తమ నంబర్లు మార్చుకుని వాడుకోవచ్చు.